శనివారం పందెం, ఆదివారం గుడి, మంగళవారం ఓటు

షార్లెట్ శీను
శుక్రవారం, రాత్రి 9:12

క్రికెట్ థ్రెడ్‌లో దూరి అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ గోల పెడుతున్నానని మోడరేటర్ గారు మొట్టికాయ వేశారు. అందుకని వేరు కుంపటి పెట్టుకుంటున్నా. కొత్తవాళ్ళకి నా సంగతి: పగలంతా డేటాబేస్‌లు, ఆగస్టు చివర నుంచి జనవరి దాకా శనివారాలు పందేలు. మా నార్త్ కరోలినాలో 2024 మార్చి 11న ఫోన్లో పందెం కాయటం చట్టబద్ధం అయింది. ఆ రోజు నుంచి కాసిన ప్రతి పందెం ఎక్సెల్ షీట్లో ఉంది. ఆ షీట్ పాస్‌వర్డ్ మా ఆవిడకి తెలుసు. కాబట్టి "వదినకి చెప్తా" బ్యాచ్ శ్రమ పడక్కర్లేదు.

ఇక నా గోడు. మన పార్టీల్లో ఎవడు కలిసినా "ఈ వారం ఎవరు గెలుస్తారు?" అంటాడు. అది నాకు పనికిరాని ప్రశ్న. ఎంతకి గెలుస్తారు, ఆ ధరకి కొనొచ్చా, ఇదీ లెక్క. 2024 నవంబరు 30న ఒహాయో స్టేట్ మిషిగన్ మీద ఇంచుమించు 20 పాయింట్ల ఫేవరెట్. అంటే 20 దాటి గెలిస్తేనే దాని మీద కాసినవాడికి డబ్బు. ఆ అంకెనే లైన్ అంటారు. మిషిగన్ 13-10తో ఆటే ఎగరేసుకుపోయింది. ఒహాయో స్టేట్ మంచి జట్టా అంటే మంచిదే, ఆ ఏడు ఛాంపియన్ అదే. ఆ ధరకి మాత్రం దండగ.

నా మాట ఏంటంటే రాజకీయం, మతం కూడా మనవాళ్ళు జట్టు అభిమానుల్లాగే మోస్తారు, ధర అడగరు. "మా నాయకుడు వస్తాడు రాసిపెట్టుకో" అంటాడు. సరే, వంద డాలర్లు పెడతావా అంటే నీళ్ళు నములుతాడు. జేబులోంచి పది రూపాయలు తియ్యని అభిప్రాయాన్ని నేను అభిప్రాయం కింద లెక్కపెట్టను. కొట్టండి, కాచుకున్నా.

అనపర్తి అబ్బాయ్
శుక్రవారం, రాత్రి 9:31

అన్నా ఇంత కథ ఎందుకు, రేపటికి రెండు పేర్లు చెప్పు చాలు.

షార్లెట్ శీను
శుక్రవారం, రాత్రి 9:40

చెప్తే నువ్వు ఓడాక ఏడాదంతా ఇదే థ్రెడ్‌లో నా పిండం పెడతావు. చెప్పను.

వరంగల్ వినోద్
శుక్రవారం, రాత్రి 10:05

నేనుండేది కొలంబస్‌ల. ఒహాయో స్టేట్ పేరెత్తినవ్ గాబట్టి చెప్త. మిషిగన్‌తోని ఓడిన దినం మా గల్లీల ఒక్కడు బయటికి రాలే, సావు ఇల్లు లెక్క ఉండె. గదే టీమ్ 2025 జనవరి 20న అట్లాంటాల నోటర్ డేమ్‌ను 34-23తోని కొట్టింది. గా దినం మధ్యాహ్నం టీవీల ట్రంప్ ప్రమాణ స్వీకారం, రాత్రికి ఫైనల్, మీదికెల్లి మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. మా ఆఫీసోళ్ళు గా ఒక్క దినమే రాజకీయం గురించి కొట్లాడుకోలే, అందరికి టచ్‌డౌన్లే కావాలె.

అసలు ముచ్చట తర్వాత ఉంది. ఏప్రిల్‌ల టీమ్ వైట్‌హౌస్‌కు పోతె, మా యూనివర్సిటీలనే సదివిన వైస్ ప్రెసిడెంట్ వాన్స్ ట్రోఫీ లేపవోయిండు. కింది ముక్క ఊడి కింద పడ్డది. మీ గోదారి అల్లుడే గద!

అనపర్తి అబ్బాయ్
శుక్రవారం, రాత్రి 10:11

తణుకు పక్కన వడ్లూరు, ఉషా వాన్స్ గారి పూర్వీకుల ఊరు. అల్లుడు ట్రోఫీ వదిలేశాడని అత్తారింటిని అంటారా! మా వైపు అల్లుడు బిందె పగలగొట్టినా పాత బిందెదే తప్పు.

ఆబర్న్ అక్క
శుక్రవారం, రాత్రి 11:02

శీనూ, నీ పోస్టు చదివాను. పదిహేనేళ్ళుగా అలబామాలో ఉంటున్నదాన్ని, రెండు మాటలు చెప్పనీ.

ధర అడగని అభిమానం అంటే నీకు లోకువ. కానీ ఈ ఊళ్ళో పక్కింటి ముసలాయన నాకు మొదట నేర్పింది ఇంగ్లీషు యాస కాదు, శనివారం ఏ రంగు చొక్కా వేసుకోవాలో. శరదృతువులో ఇక్కడ శనివారం పెళ్ళి పెట్టుకుంటే చుట్టాలు శాపనార్థాలు పెడతారు. 2013 నవంబరు 30న మా ఆబర్న్ యూనివర్సిటీకి అలబామా యూనివర్సిటీతో ఆట 28-28, ఒక్క సెకను మిగిలింది. వాళ్ళు 57 గజాల నుంచి గోల్‌కి తన్నారు, బంతి అందలేదు. మా క్రిస్ డేవిస్ గోల్ కింద దాన్ని పట్టుకుని మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తాడు. 34-28. కడుపులో ఏడో నెల, లేచి నిలబడి అరిచాను, మావారు నన్ను పట్టుకున్నారు. దీనికి ధర కట్టు చూద్దాం.

ఇక రాజకీయం. మా సెనేటర్ టామీ టూబర్‌విల్ ఆబర్న్‌కి 1999 నుంచి 2008 దాకా కోచ్. అలబామాని వరసగా ఆరేళ్ళు ఓడించాడు. 2020లో ఓట్లడిగితే అలబామా అభిమానులు కూడా వేశారు. పార్టీ జెర్సీ ముందు కాలేజీ జెర్సీ ఆగలేదన్నమాట. నువ్వన్నట్టు అభిమానమే, కానీ ఎన్ని పొరలుందో చూడు.

షార్లెట్ శీను
శుక్రవారం, రాత్రి 11:20

అక్కా, ఆ పరుగుకి నేను ధర కట్టను. ఆ రాత్రి అలబామా మీద కాసినవాళ్ళు కట్టారు :)

టూబర్‌విల్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఎదురు ఉదాహరణ పక్క రాష్ట్రంలోనే ఉంది. హెర్షెల్ వాకర్, జార్జియా కాలేజీ దేవుడు, 1982 హైస్‌మన్ ట్రోఫీ, అంటే ఆ ఏడు కాలేజీ ఆటగాళ్ళలో మేటి. 2022 డిసెంబరులో సెనేట్ సీటుకి జరిగిన రనాఫ్‌లో, అంటే రెండో విడత పోలింగ్‌లో, ఎవరి చేతిలో ఓడాడు? రాఫెల్ వార్నాక్. మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరుగా ఉన్న ఎబెనీజర్ బాప్టిస్టు చర్చిలో ఇప్పటి పాస్టరు. ఆటగాడు ఒకవైపు, పాస్టరు ఒకవైపు, ఇద్దరూ దేవుడి పేరు చెప్పారు. చివరికి తేడా మూడు శాతం లోపే.

నాక్స్‌విల్ గ్రేస్
శనివారం, ఉదయం 7:48

పాస్టర్లు, పందేలు అన్నారు కాబట్టి వచ్చాను. మా ముత్తాతలు ఒంగోలు బాప్టిస్టులు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారే, ఆ కాలం నుంచీ. మా నాయనమ్మ ఇంట్లో పేకముక్క కనిపిస్తే పొయ్యిలో వేసేది. రమ్మీ కాదు, పిల్లలు ఆడుకునే గాడిద ఆట అన్నా వినేది కాదు.

ఇక్కడికొచ్చి చూస్తే టెనెసీలో ఒక్క క్యాసినో లేదు, కానీ 2020 నవంబరు 1 నుంచి ఫోన్లో పందేలు ఉన్నాయి. చర్చిలో జూదం పాపం అని వింటారు, బయట కార్లో కూర్చుని యాప్ తెరుస్తారు. ఆట రోజు మా చర్చి పార్కింగ్‌లో కారు పెడితే డబ్బు తీసుకుంటాం, ఆ డబ్బు యువజనుల క్యాంపుకి. కిందటి నెల నేనే నారింజ రంగు జాకెట్ వేసుకుని జెండా ఊపుతూ కార్లు పెట్టించాను. అందులో ఎన్ని కార్లు పందెం డబ్బుతో వచ్చాయో నాకెందుకు అనుకున్నా. నిజం చెప్పాలంటే, అనుకోలేకపోయా.

శీను గారూ, విశ్వాసానికి ధర అడగటం లేదు అన్నారు. అడగకపోవటమే విశ్వాసం కదండీ. ధర చూసి కొంటే అది సంత.

షార్లెట్ శీను
శనివారం, ఉదయం 8:30

గ్రేస్ గారూ, ఈ దెబ్బ తగిలింది. ఒప్పుకుంటూనే ఒక కథ చెప్తా, ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

2024 సెప్టెంబరు 28. టస్కలూసాలో అలబామా, జార్జియా. ట్రంప్ ఆ స్టేడియంలోనే ఉన్నాడు. అదే రోజు డెమొక్రాట్ల వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి వాల్జ్ మిషిగన్ ఆటకి వెళ్ళాడు. ఎన్నికలకి ఐదు వారాలుంది, ఇద్దరికీ ఓట్లు శనివారం స్టేడియాల్లోనే కనిపించాయి. నేను జార్జియా గెలుస్తుందని సూటిగా 200 డాలర్లు పెట్టాను. కాసేపటికి 28-0 వెనకబడింది. హాఫ్ టైమ్‌కి 30-7. వంటగదిలోకి వెళ్ళి, ఫ్రిజ్ మీద ఉన్న వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ ముందు నిలబడి మొక్కుకున్నాను. ఈ ఒక్క ఆట గెలిపించు, ఈసారి ఇండియా వచ్చినప్పుడు తలనీలాలు ఇస్తా అని. నవ్వకండి.

రెండో సగంలో జార్జియా లేచింది. లేచి లేచి రెండున్నర నిమిషాల ముందు 34-33తో పైకొచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. తిరుమల టికెట్లు మనసులో బుక్ చేసేశా. అలబామా చేతికి బంతి వచ్చాక మొదటి ప్రయత్నంలోనే, ర్యాన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ పిల్లాడు పట్టుకుని గింగిరాలు తిరిగి 75 గజాలు పోయాడు. 41-34. జుట్టు దక్కింది, 200 పోయింది.

అక్కడితో ఆగితే మనిషిని. మరుసటి వారం అలబామా ఒకటో ర్యాంకు, ఆట మామూలు వాండర్‌బిల్ట్‌తో. పోయింది రాబట్టుకోవాలని 22 పాయింట్లు ఇచ్చి అలబామా మీద 440 పెట్టాను. 40-35తో వాండర్‌బిల్ట్ గెలిచింది. నాష్‌విల్ కుర్రాళ్ళు గోల్ స్తంభాలు పీక్కుని వీధులెంబడి మోసుకెళ్ళి కంబర్లాండ్ నదిలో పడేశారు. ఆ వీడియో నాకు మా ఆవిడే పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

వరంగల్ వినోద్
శనివారం, ఉదయం 8:41

ఫ్రిజ్ మాగ్నెట్‌కు మొక్కిండు 😂 స్వామి గుండు అడగలే, మంచిగయింది.

భీమవరం మాస్టారు
శనివారం, ఉదయం 10:15

చి. శీనుకు, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఆరు నెలలుగా ఉంటున్నాను. మనవడు ఈ థ్రెడ్ చూపించాడు.

నీ లైన్ల వ్యవహారం మాకు కొత్తేమీ కాదు. సంక్రాంతికి మా వైపు కోడిపందేలకి కుక్కుట శాస్త్రం అని ఒకటుంది. ఏ రోజు, ఏ దిక్కు నుంచి వదిలితే, డేగ మీద కాకి గెలుస్తుందా, కాకి మీద నెమలి గెలుస్తుందా అని. ఇవన్నీ రంగుని బట్టి కోళ్ళకి పెట్టిన పేర్లే. అది కంఠతా వచ్చినవాడు కూడా చివరికి కోడిని చేతుల్లోకి తీసుకుని, తొడ నొక్కి, కంట్లోకి చూశాకే మొలలోంచి డబ్బు తీస్తాడు. మీరు తొడ నొక్కరు, మూడు వేల మైళ్ళ అవతల ఆడే పిల్లల మీద ఫోన్లో వేలు నొక్కుతారు. అదొక్కటే తేడా.

ధర చెల్లించినవాడి అభిప్రాయమే అభిప్రాయం అన్నావు. ధర్మరాజు అన్నిటికంటే పెద్ద ధర చెల్లించాడు నాయనా. అతని అభిప్రాయం ఏమిటి, తనకి పాచికలు వచ్చని. ఋగ్వేదంలో జూదరి మీద ఒక సూక్తం ఉంది, పాచికలాడకు, పొలం దున్నుకో అంటుంది. అంత పాత రోగం ఇది.

అయినా ఒక ప్రశ్న. 110 పెడితే 100 వస్తుంది అంటున్నాడు మనవడు. అయితే నూటికి 52.38 గెలిస్తేనే అసలు మిగులుతుంది. నీకు అంత వస్తోందా?

ఆబర్న్ అక్క
శనివారం, ఉదయం 10:22

మాస్టారూ, నేను అడగాలనుకున్నది మీరు అడిగారు. శీనూ, షీట్ తియ్యి.

షార్లెట్ శీను
శనివారం, మధ్యాహ్నం 1:05

రెండు సీజన్లు. మామూలు పందేలు 412, ఒక్కోటి 55 పెట్టి 50 గెలిచే లెక్క. గెలిచినవి 214, ఓడినవి 198. గెలుపు 10,700, ఓటమి 10,890. నికరంగా 190 పోయింది. పైన చెప్పిన రెండు కోపం పందేలు కలిపితే 830. నూటికి 51.94, మాస్టారూ. అరశాతం తక్కువైంది.

వారానికి పదిగంటలు చొప్పున పని చేసి.

ఇంకో ముచ్చట. చిన్న చిన్న కాలేజీల ఆటల మీద ఒక యాప్‌లో నాకు కాస్త గెలుపు ఉండేది. మంగళవారం రాత్రి ఆడే జట్లు, వాటి లైన్లని వాళ్ళూ సరిగా చూసుకోరు. మూడు నెలలు చూసి నా పరిమితి 11 డాలర్ల 40 సెంట్లకి దించారు. అంతకు మించి పెట్టనివ్వరు. నేను ఓడుతున్న ఇంకో యాప్ మాత్రం వారం వారం బోనస్ పంపుతుంది, పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట, అలా ఉంది నా బతుకు.

లా పాయింట్
శనివారం, మధ్యాహ్నం 2:18

న్యూజెర్సీ నుంచి. చట్టం సంగతి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి కాస్త.

1992లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల నెవాడా లాంటి నాలుగు రాష్ట్రాల్లో తప్ప ఆటల మీద పందేలు రాష్ట్రాలు అనుమతించటానికి లేకుండా పోయింది. దాన్ని ముందుండి నడిపింది మా న్యూజెర్సీ సెనేటరే, మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు బిల్ బ్రాడ్లీ. దాన్ని పడగొట్టిందీ న్యూజెర్సీయే, 2018 మే 14న సుప్రీంకోర్టులో. అయినా ఈరోజుకీ మా దగ్గర మా రాష్ట్రం కాలేజీల మీద పందెం కాయనివ్వరు. రట్గర్స్ మీద నేను పందెం వేయలేను. రట్గర్స్ ఆట చూసినవాళ్ళకి అది శిక్ష కాదు, రక్షణ అని తెలుసు.

మతం సంగతి కోర్టుల్లో ఇంకా చిత్రం. 2000లో టెక్సాస్ హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటల ముందు మైకులో విద్యార్థులు చేసే ప్రార్థన చెల్లదంది సుప్రీంకోర్టు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రం బ్రెమర్టన్ కోచ్ ఆట అయ్యాక మైదానం మధ్యలో మోకాళ్ళ మీద చేసిన ప్రార్థన చెల్లుతుందంది, 6-3తో. రెంటికీ తేడా ఉంది, కేసులు వేరు. కానీ రెండూ ఫుట్‌బాల్ మైదానంలోనే ఎందుకు పుట్టాయో ఆలోచించండి. ఈ దేశంలో ఊరంతా ఒకచోట కూర్చునేది అక్కడే.

శీను గారు డబ్బు పెట్టినవాడి మాటే నిజం అంటున్నారు. 2024లో సర్వేలు సరిసమానం అంటుంటే పందెం మార్కెట్లు ట్రంప్ వైపు మొగ్గాయి, మేమే కరెక్ట్ అని ఊగిపోయారు. 2022లో అవే మార్కెట్లు సెనేట్ రిపబ్లికన్లదే అన్నాయి. డెమొక్రాట్లు నిలబెట్టుకున్నారు. అప్పుడెవరూ ఊగలేదు.

అనపర్తి అబ్బాయ్
శనివారం, మధ్యాహ్నం 2:40

ఎలక్షన్ పందేలు అమెరికావాళ్ళు ఇప్పుడు కనిపెట్టినట్టు మాట్లాడతారేంటండీ. 2019లో 151 సీట్లొచ్చిన పార్టీకి 2024లో 11 వచ్చాయి. మా పెదనాన్న సీట్లెన్నో కాదు, మెజారిటీ ఎంతో అని కూడా కాసేవాడు. ఓట్ల లెక్కింపు రోజు మధ్యాహ్నానికి బుల్లెట్ బండి తాళం పక్కవీధి వాడి చేతిలో పెట్టి, భోజనం చెయ్యకుండా పడుకున్నాడు. ఆయన డబ్బు పెట్టాడు కదా, ఆయన మాట నిజమే అయ్యుండాలి మరి?

షార్లెట్ శీను
శనివారం, మధ్యాహ్నం 2:52

సరే. మొదటి పోస్టులో ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నా. డబ్బు పెడితే నిజం అవ్వదు. పెట్టినవాడు కాస్త జాగ్రత్తగా మాట్లాడతాడు, అంతవరకే. అది కూడా ముందురోజు ఓడి ఉండకపోతేనే.

డెంటన్ కుర్రోడు
శనివారం, సాయంత్రం 5:33

అన్నా నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటా. ఎంఎస్ రెండో సెమిస్టర్. టెక్సాస్‌లో బెట్టింగ్ చట్టబద్ధం కాదు కదా, మా రూమ్‌లో అందరం ఒక ప్రిడిక్షన్ యాప్‌లో, ఎవరు గెలుస్తారో దాని మీద కాంట్రాక్టులు కొంటాం. అది బెట్టింగ్ కాదు, ట్రేడింగ్ అంటారు. కాలేజ్ ఫుట్‌బాల్ మీదే. ఆరు వారాల్లో 1,900 పోయాయి. ఫీజు వాయిదా పదిరోజుల్లో కట్టాలి. ఈ రాత్రి ఆట మీద పెడితే వస్తాయేమో అనిపిస్తోంది. మీ వాండర్‌బిల్ట్ కథ చదివి ఆగాను.

షార్లెట్ శీను
శనివారం, సాయంత్రం 5:37

తమ్ముడూ, ఈ రాత్రి పెట్టకు. ట్రేడింగ్ అన్నా, కాంట్రాక్ట్ అన్నా, పులి మెడలో గంట కట్టినా పులే. యాప్‌లో మిగిలింది ఏమైనా ఉంటే ఇప్పుడే బ్యాంకులోకి తీసుకో, తర్వాత యాప్ తీసెయ్. సోమవారం పొద్దున యూనివర్సిటీ ఫీజు ఆఫీసుకి వెళ్ళి గడువు అడుగు, అడిగేవాళ్ళలో నువ్వే మొదటివాడివి కాదు. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

లా పాయింట్
శనివారం, సాయంత్రం 5:50

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళంతా ఒకటి గుర్తుపెట్టుకోండి. మొదటి ఐదేళ్ళు మీరు సాధారణంగా పన్నుల దృష్టిలో నాన్-రెసిడెంట్లు. నాన్-రెసిడెంట్‌కి జూదం గెలుపు మీద 30 శాతం పన్ను, ఓడినదాన్ని అందులోంచి తీసివెయ్యటానికి లేదు. వెయ్యి గెలిచి వెయ్యి ఓడినా పన్ను వెయ్యి మీదే. ఇక్కడి పౌరులకీ 2026 నుంచి ఓడినదాంట్లో 90 శాతమే మినహాయింపు. శీను గారూ, మీ షీట్‌లో ఆ గడి కూడా పెట్టుకోండి.

నాక్స్‌విల్ గ్రేస్
శనివారం, సాయంత్రం 6:04

బాబూ, అమ్మానాన్నలకి ఇప్పుడే చెప్పలేకపోతే ఒక్క స్నేహితుడికైనా చెప్పు, రూమ్మేట్‌కి కాదు. జూదం వ్యసనానికి ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, పేరు చెప్పక్కర్లేదు. రాత్రి ఎన్నింటికైనా ఎత్తుతారు. మా చర్చిలో ఇద్దరు పిల్లలు అలాగే బయటపడ్డారు.

డెంటన్ కుర్రోడు
శనివారం, రాత్రి 10:46

140 ఉన్నాయి, బ్యాంకులోకి పంపేశా. యాప్ తీసేశా. రూమ్‌లో అందరూ అరుస్తున్నారు, నేను బయట మెట్ల మీద కూర్చున్నా. థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. (స్కోరు చూడలేదు అంటే అబద్ధం. ఓడిపోయేవాడిని.)

మోడరేటర్
ఆదివారం, ఉదయం 9:00

పన్నుల ప్రశ్నలు వేరే థ్రెడ్‌కి మార్చాను. "రేపటికి రెండు పేర్లు చెప్పు" లాంటి పోస్టులు నాలుగు తీసేశాను. నాలుగూ అనపర్తి అబ్బాయ్‌వే.

షార్లెట్ శీను
ఆదివారం, మధ్యాహ్నం 1:20

గుడిలో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నానికే వచ్చేవారం లైన్లు మొదలవుతాయి. రెండేళ్ళుగా సరిగ్గా ఈ టైముకి పులిహోర లైన్లో నిలబడి ఒక చేత్తో ఆకు ప్లేటు, ఒక చేత్తో ఫోన్. ఇవాళ ఫోన్ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టాను. ఇది రాయటానికి ఇప్పుడే అడిగి తీసుకున్నా. మానేశానని కాదు. వచ్చే శనివారం మళ్ళీ వేస్తా, 55 లెక్కనే.

భీమవరం మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 3:45

మనవడు ఆ బంతి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పీచు తీసిన కొబ్బరికాయలా ఉంది. నిన్న మూడు గంటలు కూర్చుని చూశాను. చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుంటారు, చంకలో పెట్టుకుని పరిగెడతారు. కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. మరి దీన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారు నాయనా?

షార్లెట్ శీను
ఆదివారం, సాయంత్రం 4:02

మాస్టారూ, ఆ ఎప్పుడో ఒకసారి తన్నినప్పుడే మా డబ్బులు పోయేది.

ఆబర్న్ అక్క
ఆదివారం, సాయంత్రం 4:10

మాకు మాత్రం వచ్చేది అప్పుడే. 57 గజాలు, చెప్పాను కదా.